‘చూద్దాం’ అంటే వాళ్ళకు తెలీదు: అమెరికాలో చదువుకు వెళ్ళేవాళ్ళ కోసం మాటల మార్గదర్శి

మా ల్యాబ్‌లో ఒహాయో కుర్రాడు ఒకడు ఉండేవాడు. నేను అమెరికా వెళ్ళిన రెండో నెలలో ఒక శుక్రవారం నా బల్ల దగ్గరికొచ్చి, రేపు రాత్రి ఊళ్ళో థాయ్ హోటల్‌కి భోజనానికి వస్తావా అని అడిగాడు. నాకు వెళ్ళాలని లేదు. చేతిలో డబ్బులు లేవు, పైగా సోమవారానికి హోంవర్క్ ఇవ్వాలి. మొహం మీద రానంటే ఏం బాగుంటుందని "ఐ విల్ ట్రై" అన్నాను. మన దగ్గర ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే "వీలు చూసుకుని వస్తాలెండి" అంటాం చూడండి, అదే లెక్క. ఆ మనిషి రాడని అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. శనివారం ఏడున్నరకి ఫోన్ మోగింది. టేబుల్ దొరికిందట, ఎక్కడిదాకా వచ్చావని అడుగుతున్నాడు. నేనేమో రూమ్‌లో పప్పు తాలింపు పెడుతున్నాను.

నా ఇంగ్లీషులో తప్పేమీ లేదు. నేను మాట్లాడింది ఇంగ్లీషు మాటలతో తెలుగు, అంతే. ఆ తర్వాత రెండేళ్ళలో నాకు తగిలిన ఎదురుదెబ్బల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, మాట నడిచే తీరు మాత్రం వేరే ఊరిది.

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. చైనా సంఖ్యను దాటి మనం మొదటి స్థానంలోకి రావడం 2008–09 తర్వాత మళ్ళీ అప్పుడే. అందులో తెలుగువాళ్ళ వాటా ఎంతో ఏ కాలేజీ బస్టాప్‌లో నిలబడినా తెలిసిపోతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్ళేది తెలుగు సీనియర్, రూమ్మేట్లు తెలుగువాళ్ళు, ప్రాజెక్ట్ గ్రూపులోనూ తెలుగువాళ్ళే. అదొక వరమే, కాదనను. మొదటి వారం పరుపు ఇచ్చింది వాళ్ళే. కానీ రెండేళ్ళూ గడిచిపోయి, బయటివాళ్ళతో అరగంట తీరిగ్గా మాట్లాడింది ఒక్కసారీ లేదని ఇంటర్వ్యూ రోజున గుర్తొచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇది వాళ్ళ కోసం. నాకు తెలిసింది అమెరికా కాబట్టి అక్కడి సంగతే రాస్తున్నాను.

మొదటి మెట్టు: విమానం ఎక్కకముందే మొదలుపెట్టండి

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ రెండో భాగం గుర్తుందా? చేతికి ఒక కార్డు ఇస్తారు, నిమిషం ఆలోచించుకోమంటారు, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. మనం కోచింగ్ సెంటర్లలో నెలల తరబడి రుబ్బేది ఇదే. మొత్తం పరీక్షలో అడిగేది వాళ్ళు, చెప్పేది మనం. ఎదుటి మనిషిని మనం తిరిగి అడిగే పని ఎక్కడా ఉండదు. మంచి స్కోరు తెచ్చుకున్నవాడు కూడా అక్కడికెళ్ళాక జవాబు చెప్పేసి నోరు మూసుకుని నిలబడతాడు. ఎదుటివాడికి అది ‘నీతో మాట్లాడటం నాకిష్టం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది.

అందుకని వీసా స్లాట్ కోసం ఎదురుచూసే ఆ రెండు మూడు నెలల్లో ఒక పని చేయండి. తెలుగు రాని మనిషిని ఒకరిని పట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే ఇది మరీ కష్టం కాదు. ఉస్మానియాలోనూ, పక్కనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ)లోనూ ఆఫ్రికా, మధ్య ఆసియా, అరబ్ దేశాల నుంచి వచ్చి చదువుకునే విద్యార్థులు ఏళ్ళ తరబడి ఉన్నారు. వేరే ఊరైతే హాస్టల్లో మణిపూర్ అమ్మాయో, కేరళ కుర్రాడో ఉండకపోరు. వారానికి ఒక గంట కూర్చోండి. వాళ్ళు సరేనంటే పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి, తర్వాత విని రెండే లెక్కలు వేయండి. మీరు ఎన్ని ప్రశ్నలు అడిగారు? ఎన్నిసార్లు వాళ్ళ మాట పూర్తికాకుండా మీరు అందుకున్నారు? నా మొదటి రికార్డింగులో ప్రశ్నలు సున్నా. రెండో లెక్క చెప్పను.

రెండో మెట్టు: మీ పేరు మీరే పలికించండి

పాస్‌పోర్టు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ఇంటిపేరు, పేరు విడివిడిగా లేకుండా అంతా ఒకే గడిలో పడితే వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అక్కడికెళ్ళాక క్లాస్ లిస్టులో, ఐడీ కార్డులో, డాక్టరు దగ్గర అందరూ మిమ్మల్ని ‘ఫ్నూ’ అని పిలుస్తారు. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే రెండు గడులూ నింపండి. అది సరిగ్గా ఉన్నా, మనకు ముందుండే ఇంటిపేరు అక్కడ చివరికి పోతుంది. కొన్నిచోట్ల అదే పేరై కూర్చుంటుంది.

మొదటి రోజు చాలామంది "మీరు ఏ పేరుతో పిలిపించుకుంటారు?" అన్న అర్థంలో "వాట్ డు యు గో బై?" అని అడుగుతారు. జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి. పూర్తి పేరు వేంకట సాయి లక్ష్మీ నరసింహ అయితే అందులో ఒక్క ముక్క ఎంచుకోండి. ఆ ముక్కను విడగొట్టి, నెమ్మదిగా, రెండుసార్లు పలకండి. వాళ్ళకు తెలిసిన మాటతో పోలిక చెబితే ఇంకా త్వరగా పట్టుకుంటారు. ‘శామ్’ అనో ‘కెవిన్’ అనో పేరు మార్చేసుకోవడం మీ ఇష్టం. నాకైతే అది ఇంటి తలుపు మీద పక్కింటివాళ్ళ నంబరు రాసుకోవడంలా ఉంటుంది. వాళ్ళు తప్పు పలికితే మొదటి వారంలోనే నవ్వుతూ సరిచేయండి. మూడు నెలలు ఊరుకున్నాక సరిచేస్తే వాళ్ళు సిగ్గుపడతారు.

అవతలివాళ్ళ పేరు విషయంలోనూ ఇంతే శ్రద్ధ చూపాలి. చైనావాళ్ళదీ మనదీ ఒకటే పద్ధతి, ఇంటిపేరే ముందు. పాములపర్తి వెంకట నరసింహారావులో పాములపర్తి ఎలాగో, షీ జిన్‌పింగ్‌లో షీ అలాగ. ఈ సంగతి మా ఆఫీసులో చైనా అమ్మాయికి చెబితే, అమెరికా ఫారాలు తన పేరును ఎలా తలకిందులు చేశాయో అరగంట చెప్పింది. మా ఇద్దరి మధ్య మొదటి అసలైన సంభాషణ అదే.

మూడో మెట్టు: పలకరింపును పలకరింపుగానే తీసుకోండి

మనం "తిన్నావా?" అని అడుగుతాం. అడిగినవాడికి మీ మెనూ అక్కర్లేదు. మిమ్మల్ని చూశాను, పలకరిస్తున్నాను అని చెప్పడమే అందులో పని. చైనావాళ్ళకూ అచ్చం ఇలాంటిదే ఉంది, "చీ లె మా" అంటారు, తిన్నావా అనే. ఇలాంటి మాటలకు మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే ఒక పేరు పెట్టాడు. సమాచారం కోసం కాక, మనుషుల మధ్య దారం తెగకుండా ఉండటానికి ఆడే మాటలని ఆయన వివరణ.

"హౌ ఈజ్ ఇట్ గోయింగ్?" కూడా ఆ జాతిదే. కారిడార్‌లో నడుస్తూ అడిగితే నడుస్తూనే జవాబివ్వాలి. జ్వరం వచ్చి తగ్గిన కథ అక్కర్లేదు. అలాగని ఒక్క "ఫైన్"తో ముగిస్తే తలుపు వేసినట్టే. నేను పాటించే కొలత ఇది: ఒక చిన్న జవాబు, ఒక చిటికెడు వివరం, ఒక తిరుగు ప్రశ్న. "బాగానే ఉన్నా, నిన్నటి మంచులో మొదటిసారి జారిపడ్డాను, నీ వీకెండ్ ఎలా గడిచింది?" ఆ చిటికెడు వివరమే అసలు సంగతి. అవతలివాళ్ళు పట్టుకుని లాగడానికి అదొక కొస. వాళ్ళకు తీరిక ఉంటే లాగుతారు, లేకపోతే నవ్వి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయారని నొచ్చుకోవద్దు.

థాంక్యూ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనింట్లో అన్నం పెట్టిన అమ్మకి థాంక్స్ చెబితే, ఏంట్రా కొత్తగా అంటుంది. దగ్గరివాళ్ళకు థాంక్స్ చెప్పడమంటే దూరం పెట్టడమే. అక్కడ బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కు చెబుతారు, తలుపు పట్టుకున్నవాడికి చెబుతారు, ఉప్పు అందించిన రూమ్మేట్‌కూ చెబుతారు. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది. నెల తిరిగేసరికి మీకే అలవాటైపోయి, సెలవులకు ఇంటికొచ్చాక ఆర్టీసీ కండక్టర్‌కు చెప్పి వింత చూపులు తింటారు.

నాలుగో మెట్టు: ఏం అడగాలి, ఏం వద్దు

మనం కొత్త మనిషిని చూడగానే ఏ ఊరు, ఏం చదివావు, నాన్నగారేం చేస్తారు, జీతమెంత, పెళ్ళయిందా అని వరసగా అడిగేస్తాం. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. బంధం కలుపుకోవడానికి మనకు తెలిసిన దారి అది. అక్కడ వయసు, జీతం, పెళ్ళి, మతం, ఒంటి బరువు వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే తప్ప మనం ఎత్తకూడదు. "లావయ్యావ్" అన్నది మన పిన్ని ప్రేమతో అనే మాట. ల్యాబ్‌మేట్‌తో అంటే ఆ రోజుతో మాటలు బంద్.

"మీదే ఊరు?" కాస్త మెలిక ఉన్న ప్రశ్న. అమెరికాలో పుట్టి పెరిగిన కొరియా ముఖం అమ్మాయిని ఇలా అడిగితే షికాగో అంటుంది. "అది కాదు, అసలు ఊరు?" అని రెండోసారి అడిగారో, ఆమె బతుకంతా వింటూ వచ్చిన ప్రశ్నే మీరూ వేసినట్టు. మొదటి జవాబు దగ్గర ఆగి షికాగో గురించే అడగండి.

మరి ఏం మాట్లాడాలి? వాతావరణం, కుక్కలు, వారాంతం, తిండి, వాళ్ళ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. మనకు ఫుట్‌బాల్ అర్థం కాకపోవడమే మంచిది. "నాకు రూల్స్ తెలీవు, చెప్పవా?" అన్నది నేనక్కడ వాడినవాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసిన వాక్యం. మనిషికి తనకిష్టమైనది వివరించడమంటే ఎంత సంబరమో అప్పుడు చూడాలి. బదులుగా మీరు క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ వివరించబోయి విఫలమవుతారు, అదీ ఒక సరదా.

ఇంకొక ప్రశ్న ఉంది, దీన్ని బయటివాళ్ళకన్నా మనవాళ్ళే ఒకరినొకరు ఎక్కువగా అడుగుతారు. "ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఓహో, ఫలానా వాళ్ళా?" కులం కనుక్కోవడానికే ఈ తిరుగుడంతా అని అడిగేవాళ్ళకూ తెలుసు, అడిగించుకునేవాళ్ళకూ తెలుసు. కొత్త దేశంలో, కొత్త గదిలో, మొదటి వారంలో ఈ ప్రశ్న ఎదురైన కుర్రాడు ఆ తర్వాత రెండేళ్ళూ నోరు విప్పడు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. నియమాల మాట అలా ఉంచి, అసలు అడగొద్దు. ఎదుటివాడి గురించి తెలుసుకోవాలంటే వాడికి వచ్చిన వంట అడగండి.

ఐదో మెట్టు: మాటల మధ్య సందు కనిపెట్టండి

మనింట్లో నలుగురు కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, నలుగురికీ అంతా అర్థమవుతుంది. ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తి చేస్తే అది ప్రేమ. డెబోరా టానెన్ అనే భాషా శాస్త్రవేత్త 1978లో కాలిఫోర్నియాలో ఒక థాంక్స్‌గివింగ్ భోజనం దగ్గర ఆరుగురి మాటలు రికార్డు చేసి విశ్లేషించింది. ఆ ఆరుగురిలో తనూ ఒకరు. న్యూయార్క్‌వాళ్ళు అచ్చం మనలాగే ఒకరి మాటలో ఒకరు దూరుతూ ఉత్సాహం చూపిస్తుంటే, కాలిఫోర్నియావాళ్ళకు అది మాట తెంపేయడంలా అనిపించి వెనక్కి తగ్గారు. దేశం ఒకటే, భాష ఒకటే, అయినా ఇదీ పరిస్థితి.

2009లో పది భాషల మీద చేసిన ఒక పరిశోధనలో, అవును–కాదు ప్రశ్నలకు జవాబు మొదలయ్యే ముందు ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు అని తేలింది. జపనీస్‌లో అది దాదాపు సున్నా, డానిష్‌లో అరసెకను. తేడా చూస్తే ఎంతో చిన్నది. కానీ మనిషి చెవికి అదే మొరటుతనం, అదే బిడియం. జపాన్‌వాళ్ళు నెమ్మదిగా ఆలోచించి మాట్లాడతారని నేను అనుకునేవాణ్ణి. అది చదివాక ఆ మాట ఎక్కడా అనలేదు.

మాట్లాడుతున్నవారు నిజంగా ఆగారా, ఊపిరి పీల్చుకుంటున్నారా అని చూడండి. మనసులో ‘ఒకటి’ అనుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఇద్దరు ముగ్గురి ముచ్చట్లలో ఇది చాలు. క్లాసులో చర్చ జరిగేటప్పుడు దీనికి సరిగ్గా తిరగబడిన సమస్య ఎదురవుతుంది. మర్యాదగా పూర్తి నిశ్శబ్దం కోసం ఎదురుచూస్తే గంట అయిపోతుంది, సందు రాదు. పైగా చాలా కోర్సుల్లో క్లాసులో పాల్గొన్నందుకు మార్కులుంటాయి. అక్కడ తోసుకుని దూరకుండా తలుపు తట్టే మాటలు కొన్ని ఉన్నాయి: "కెన్ ఐ ఆడ్ సంథింగ్?", "గోయింగ్ బ్యాక్ టు వాట్ షి సెడ్". రెండోది బంగారం. ఇందాక ఫలానావారు అన్నదానికి వస్తే అని మొదలుపెడితే, వాళ్ళ మాట విన్నారని తెలుస్తుంది, చర్చ ముందుకు వెళ్ళిపోయినా వెనక్కి లాగే హక్కూ వస్తుంది.

వేగం కూడా తగ్గించండి. తెలుగు అచ్చులతో ముగిసే భాష, మాట మాటతో అతుక్కుని సాగిపోతుంది. మనం ఇంగ్లీషునూ అలాగే ఏకధాటిగా లాగిస్తాం. వాక్యం చివర ఒక్క క్షణం ఆగితే యాస మార్చుకోకుండానే సగం సమస్య తీరుతుంది. అడ్డంగా ఆ కొంచెం తల ఊపడం వాళ్ళకు అవునో కాదో అర్థం కాదు. దాన్ని మానలేరు, నేనూ మానలేదు. నోటితో "యెస్" అని కూడా చెప్పండి.

ఆరో మెట్టు: కాదు అనడం

ఇదే అన్నిటికన్నా కష్టం, నన్ను థాయ్ హోటల్ దగ్గర పట్టించింది కూడా ఇదే.

మొహమాటం అన్న మాటను ఇంగ్లీషులోకి తేవాలని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. బిడియం కాదు, భయం కాదు, పూర్తిగా మర్యాద కూడా కాదు. ఎదుటివాడి ముఖం చిన్నబోకుండా మన ఇష్టాన్ని మింగేయడం అనవచ్చేమో. దానికోసం మన దగ్గర పెద్ద పనిముట్ల పెట్టె ఉంది: చూద్దాం, అలాగే, వీలైతే, ప్రయత్నిస్తా, రేపు చెప్తా. తెలుగువాడు వీటి గొంతు విని అర్థం పట్టుకుంటాడు. అమెరికన్ మాట విని అర్థం పట్టుకుంటాడు. ప్రయత్నిస్తానంటే ప్రయత్నిస్తాడనే.

రాలేని పిలుపుకు ఇలా చెప్పండి. ముందు పిలిచినందుకు థాంక్స్. వెంటనే రాలేనని సూటిగా. కారణం ఒక్క ముక్క, చెప్పకపోయినా ఫరవాలేదు. నిజంగా కలవాలని ఉంటేనే ఇంకో రోజు. "థాంక్స్, రేపు కుదరదు, హోంవర్క్ ఉంది, వచ్చే బుధవారం లంచ్‌కి వెళ్దామా?" ఇంతే. లేని మేనమామకు జ్వరం తెప్పించక్కర్లేదు. మొదటిసారి చెప్పినప్పుడు నా చెవులు వేడెక్కాయి. వాడు మాత్రం "కూల్" అని పనిలో పడ్డాడు.

డబ్బు కారణమైతే అదీ చెప్పొచ్చు. బడ్జెట్ టైట్‌గా ఉంది, క్యాంపస్‌లోనే కాఫీ తాగుదామా అంటే అక్కడ ఎవరూ తక్కువగా చూడరు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ జరుగుతుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని, చేతిలో ఎంత మిగులుతుందని తోటివాళ్ళకూ తెలుసు. తెలియకపోతే మీరు చెబితే తెలుస్తుంది.

తిండి దగ్గర ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. ఒకరింటికి వెళ్తే పిజ్జా తింటావా అన్నారు. అలవాటుగా "నో, నో, ఐ యామ్ ఫైన్" అన్నాను. మన లెక్కలో అది మొదటి రౌండు. రెండోసారి అడుగుతారు, మూడోసారి బలవంతపెడతారు, అప్పుడు ఒక ముక్క తీసుకుంటాం. డబ్బా మూసేశారు. కడుపు మాడ్చుకుని ఇంటికొచ్చి పదకొండింటికి మ్యాగీ చేసుకున్నాను. ఆకలేస్తే మొదటిసారే అవును అనండి.

మా ఇరాన్ స్నేహితుడికి ఈ కథ చెబితే పడీపడీ నవ్వాడు. వాళ్ళకు మొహమాటానికి పెద్దన్న లాంటిది ఉంది, తారోఫ్ అంటారు. దుకాణంలో ఎంతయిందని అడిగితే "ఘాబెల్ నదారె" అంటారట, మీ ముందు ఇదెంత అన్నట్టు. నిజమనుకుని డబ్బులివ్వకుండా వెళ్తే పరువు పోతుంది. రెండు మూడుసార్లు బతిమాలి ఇవ్వాలి. మేమిద్దరం కాఫీకి వెళ్తే బిల్లు దగ్గర పది నిమిషాల యుద్ధం. అదే అమెరికన్‌తో వెళ్తే ఎవరిది వాళ్ళదే, రాత్రికి ఫోన్లో నాలుగు డాలర్లు పంపమని వెన్మో రిక్వెస్ట్. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. నాలుగు డాలర్లకా! తర్వాత్తర్వాత అందులో ఒక హాయి ఉందని తెలిసింది. ఎవరూ ఎవరికీ బాకీ లేరు, మళ్ళీ పిలవడానికి ఎవరూ జంకక్కర్లేదు. అయినా ఇప్పటికీ నేను వెన్మో రిక్వెస్ట్ పంపలేను. కొన్ని మారవు.

వాళ్ళ దగ్గర మాత్రం పైపై మాటలు లేవనుకోకండి. "వి షుడ్ హ్యాంగ్ అవుట్ సమ్‌టైమ్" అన్నది వాళ్ళ ‘చూద్దాం’. రోజు, గంట లేని పిలుపు పిలుపు కాదు. నిజంగా కలవాలనుంటే మీరే "గురువారం నాలుగింటికి?" అని అడగండి. అసలుదో ఉత్తుత్తిదో అప్పుడే తేలిపోతుంది.

ఏడో మెట్టు: ప్రొఫెసర్ ముందు

క్లాసులో చెయ్యెత్తి "సర్, ఐ హ్యావ్ ఎ డౌట్" అన్నాను. ఆవిడ ప్రొఫెసర్, సర్ కాదు, అది మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది. ఆవిడ బోర్డు వైపు ఒకసారి చూసుకుని, ఇందులో నీకు నమ్మకం కలగనిది ఏమిటి అని చాలా శ్రద్ధగా అడిగింది. మన డౌట్ వాళ్ళకు అపనమ్మకం. ప్రశ్న ఉంటే ‘క్వశ్చన్’ అనండి. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఫలానా ఏడాది కాలేజీ నుంచి ‘పాస్డ్ అవుట్’ అని చెబితే స్పృహ తప్పి పడిపోయావా అనుకుంటారు, ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి. ‘ప్రీపోన్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ వాళ్ళకు తెలీవు. పెన్సిల్ గీత చెరపడానికి ‘రబ్బర్’ అడిగితే క్లాసంతా నవ్వుతుంది, ఎందుకో సీనియర్లను అడగండి.

ప్రొఫెసర్‌ను ఇంటిపేరుతో ‘ప్రొఫెసర్ ఫలానా’ అని పిలవండి. మొదటి పేరుతో పిలవమని వాళ్ళే చెబితే పిలవొచ్చు. నోరు రాకపోతే ‘ప్రొఫెసర్’ దగ్గరే ఉండిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్/మేడమ్" వద్దు. ఏ కోర్సు, ఏ ప్రశ్న, ఇప్పటిదాకా మీరేం చేసి చూశారు, ఆయన నుంచి ఏం కావాలి, ఈ నాలుగూ ఐదారు వాక్యాల్లో రాయండి.

రాసేటప్పుడు ఒకటి గమనించండి. మన మర్యాదంతా ‘అండి’లో ఉంటుంది. "నోట్స్ ఇవ్వండి" అంటే అందులో గౌరవం నిండుగా ఉంది. ఇంగ్లీషులోకి మారగానే ఆ ‘అండి’ రాలిపోయి "గివ్ మి ద నోట్స్" మిగులుతుంది. పక్కన ప్లీజ్ తగిలించినా ఆజ్ఞలాగే ఉంటుంది. అందుకే అడిగే ప్రతిదాన్నీ ప్రశ్నగా మార్చండి: "కుడ్ యు షేర్ ద నోట్స్?" ఆ ‘కుడ్ యు’నే మన ‘అండి’ అనుకోండి.

ఆఫీస్ అవర్స్ అంటే మొద్దు విద్యార్థులు వెళ్ళే చోటు అని నా భ్రమ. ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాక తెలిసింది, బాగా చదివేవాళ్ళే అక్కడ వరసలో ఉంటారని. వారంలో ఫలానా గంటల్లో ప్రొఫెసర్ గదిలో ఉంటానని సిలబస్‌లో రాస్తారు. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళొచ్చు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మొదటి నెలలోనే వెళ్ళండి. "మీరు చెప్పిన రెండో పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయలేదో నాకు తట్టడం లేదు" లాంటిది. ఎదురు వాదించినా ఫరవాలేదు. వాదన లెక్క మీద ఉండాలి, మనిషి మీద కాదు. రెండేళ్ళ తర్వాత రికమెండేషన్ లెటర్‌లో రాయడానికి ఆయనకు మీ గురించి ఏదో ఒకటి తెలిసి ఉండాలి కదా.

ఎనిమిదో మెట్టు: అర్థం కానప్పుడు నవ్వొద్దు

అర్థం కాకపోయినా నవ్వేసి తలూపడం మనందరి జబ్బు. జోక్ అయితే పోయేదేం లేదు. మీటింగ్‌లో పని అప్పజెప్పినప్పుడు అలా చేస్తే వారం తర్వాత దొరికిపోతాం. "సారీ?" అని పదేపదే అడగడం కన్నా, అర్థమైన సగాన్ని తిరిగి చెప్పండి. "శుక్రవారంలోగా డేటా శుభ్రం చేయమన్నావు, ఆ తర్వాత ఎవరికి పంపాలన్నావు?" వాళ్ళు మిగతా సగమే చెబితే సరిపోతుంది.

వాళ్ళ నుంచి కూడా వింత ప్రశ్నలొస్తాయి. "నువ్వు ఇండియన్ భాష మాట్లాడతావా?", "మీ అమ్మానాన్నే పెళ్ళి చేసేస్తారా?" అడిగే గొంతు బట్టి నిర్ణయించుకోండి. తెలుసుకోవాలని అడిగితే రెండు వాక్యాల్లో చెప్పండి. ఎగతాళి అయితే "ఎందుకడుగుతున్నావ్?" అని మామూలుగా అడిగి ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి, వాళ్ళే నింపుకుంటారు. అదే పనిగా సాగితే ఓర్చుకుని కూర్చోవద్దు. ప్రతి యూనివర్సిటీలోనూ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, అక్కడ చెప్పండి.

తొమ్మిదో మెట్టు: వారానికి ఒక చోటు

ఇదంతా చదివితే రాదు, కూర్చుని మాట్లాడితే వస్తుంది. చాలా యూనివర్సిటీల్లో కన్వర్సేషన్ పార్ట్‌నర్ అనే ఏర్పాటు ఉంది. వారానికి గంట ఒక స్థానిక విద్యార్థితోనో, ఆ ఊరి పెద్దమనిషితోనో మిమ్మల్ని జత చేస్తారు. డబ్బు అక్కర్లేదు. నాకు దొరికింది రిటైరైన స్కూల్ టీచర్. ఆవిడ సరిదిద్దిన తప్పులకన్నా, ఆవిడకు గోంగూర అంటే ఏమిటో చెప్పడానికి నేను పడిన పాట్లే నాకు ఎక్కువ నేర్పాయి. అంతర్జాతీయ విద్యార్థుల కాఫీ అవర్, లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో ఉద్యోగం కూడా మంచివే. డైనింగ్ హాల్లో రోజుకు రెండొందల మందికి హలో చెప్పాలి, భయం దానంతటదే పోతుంది.

నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కు ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పక వెళ్ళండి. శాకాహారులైతే పిలిచిన రోజే చెప్పండి. టర్కీ కోడి బల్ల మీదికి వచ్చాక చెబితే పాపం ఆ ఇంటావిడ కంగారుపడుతుంది. చేత్తో పులిహోర తీసుకెళ్ళండి. చల్లారినా బాగుంటుంది, అందులో ఏమేం వేశారో చెప్పడానికి పావుగంట పడుతుంది.

రూమ్మేట్ల సంగతి ఒక్కటి. తెలుగు రానివాళ్ళు ఒక్కరు బల్ల దగ్గర ఉన్నా ఇంగ్లీషులో ఉండండి. మాట తెలుగులోకి జారితే జారిందని ఒప్పుకుని, ఏం నవ్వుకున్నామో వాళ్ళకు చెప్పండి. అయిదుగురి మధ్య కూర్చుని ఒక్క ముక్క అర్థం కాకుండా ఫోన్ చూసుకుంటూ గడపడం ఎలా ఉంటుందో, తమిళ స్నేహితుల గదిలో ఒక సాయంత్రం గడిపితే మీకే తెలుస్తుంది.

ఒహాయో కుర్రాడికి ఆ సోమవారం క్షమాపణ చెప్పుకున్నాను. ఉత్త సారీ చాలదనిపించి, ‘చూద్దాం’ అంటే ఏమిటో, దాన్ని ఎప్పుడు ఎలా అంటారో, సాగదీస్తే అర్థం ఎలా మారుతుందో బోర్డు మీద రాసి మరీ వివరించాను. శ్రద్ధగా విన్నాడు. నెల తర్వాత ఒక ఆదివారం ఉప్మా చేస్తున్నాం రమ్మని పిలిచాను. అంతకుముందు ఒకసారి మా ఉప్మా తిని ఉన్నాడు. ఒక్క క్షణం ఆగి, తల కొంచెం పక్కకు వాల్చి, "చూద్దాఆఆం" అన్నాడు.